వెనక బల్ల ప్రార్థన

ఎల్నాథన్ ప్రిక్కెట్ చెడ్డవాడైతే మాకింత ఇబ్బంది ఉండేది కాదు. చెడ్డవాడికి బుద్ధి చెప్పడం సులువు. వాడు వినడు, మనం ఇంటికొచ్చి భోంచేస్తాం. ఎల్నాథన్ వింటాడు. మనం చెప్పినంతసేపూ తల వంచుకుని వింటాడు. మధ్యలో లేచి, మనకి చలేస్తుందేమోనని పొయ్యిలో ఇంకో కట్టె వేస్తాడు. మొన్న చలికాలంలో మంచు బరువుకి మా కొట్టం కప్పు కూలినప్పుడు అందరికంటే ముందు దూలం భుజాన వేసుకొచ్చినవాడు అతనే. అలాంటి మనిషి ఇంట్లో, అతను పెట్టిన ఆపిల్ రొట్టె తింటూ, సాటి మనిషిని సొంతం చేసుకోవడం పాపమని అతనికే చెప్పాలి.

ఆ పనికి మా మత సంఘం, స్నేహితుల సంఘం, మమ్మల్ని నియమించింది. మా ఆయన అమోస్ సంఘానికి లేఖరి. ఆడవాళ్ళ తరఫున నేను. రెండేళ్ళ కిందట ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద కూడికలో, మనవాళ్ళెవరూ ఇకమీద బానిసల్ని కొనకూడదు, అమ్మకూడదు అని తీర్మానించారు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి మాత్రం ఎవరి మనస్సాక్షికి వాళ్ళకి వదిలేశారు. మనస్సాక్షి మా ఇంటి కోడి లాంటిది. దానికి బుద్ధి పుట్టినప్పుడు గుడ్డు పెడుతుంది, మనం పక్కన కూర్చుని ఎంత బతిమాలినా సరే.

"నేను అమ్మట్లేదు కదా అమోస్," అన్నాడు ఎల్నాథన్. "అబిగేల్‌కి పెళ్ళవుతోంది. మేరీలాండ్‌లో కొత్త సంసారం. చేతి కింద ఒక మనిషి ఉండాలని మేరబ్‌ని దానికి ఇస్తున్నాను. ఇవ్వకూడదని ఆ తీర్మానంలో ఎక్కడుందో చూపించు."

అమోస్ అబద్ధం ఆడలేడు. అతనితో నా చిక్కంతా అదే.

"లేదు," అన్నాడు.

"చూశావా మరి."

మేరబ్ అప్పుడే టీ తెచ్చి పెడుతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తన గురించే మాట్లాడుతున్నారని తెలిసి కూడా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. ఆ పిల్ల తల్లి తామార్ వంటింటి గుమ్మంలో, పిండి అంటిన చేతులు ఎప్రన్‌లో చుట్టుకుని నిలబడి ఉంది.

"తల్లి ఇక్కడ, పిల్ల అక్కడ," అన్నాను నేను. "మళ్ళీ ఎప్పుడు కలుసుకుంటారు ఎల్నాథన్?"

"అబిగేల్ నా కూతురు కాదా? అదీ వెళ్తోందిగా."

"అబిగేల్‌ని అడిగి పంపుతున్నావు," అంది తామార్ గుమ్మంలోంచి.

మాలో 'మీరు' అనడం లేదు. గవర్నరు ఎదురైనా 'నువ్వే'. తామార్ కూడా ఎల్నాథన్‌ని నువ్వనే అంటుంది, అతను తామార్‌ని నువ్వంటాడు. ఖర్చులేని సమానత్వం కనుక మేము దాన్ని ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

"నీ మాట కూడా విన్నాను తామార్," అన్నాడు ఎల్నాథన్, మెత్తగానే.

"విన్నావు. విని ఏం చేశావు?"

అతను లేచి పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు.

గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు అతను తన బాధ కూడా చెప్పుకున్నాడు. మేరబ్ పెట్టె సర్దమంటే తామార్ సర్దనందట. సరేనని అబిగేల్ సర్దుతుంటే, మర్నాడు పొద్దునకల్లా బట్టలన్నీ మళ్ళీ మేకుకి వేలాడుతున్నాయట. ఇప్పటికి నాలుగుసార్లు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"పెట్టె సర్దడం మానేయమను," అన్నాను. అమోస్ నా మోచెయ్యి నొక్కాడు.

పెళ్ళి ఆ నెల ఇరవయ్యో తారీఖున. మర్నాడే బండి. అప్పటికి మధ్యలో మిగిలినవి రెండే రెండు మొదటి రోజులు. మేము వారంలో రోజులకి పేర్లు పెట్టం, అంకెలతో లెక్కపెట్టుకుంటాం. మొదటి రోజంటే బయటివాళ్ళ ఆదివారం, కూడికకి వెళ్ళే రోజు.

ఆ వారంలోనే నేను సబ్బు కాచాను. చలికాలమంతా పొయ్యి బూడిద పోగేసి, నీళ్ళు పోసి, కారిన క్షారం పట్టి, దాచిన కొవ్వు అందులో వేసి పెరట్లో పెద్ద కాగులో ఉడకబెట్టాలి. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఎల్నాథన్ తామార్‌ని ఒక రోజు అరువిచ్చాడు. వద్దనాల్సింది. కానీ కాగు పెద్దది. అదీ నా మనస్సాక్షి సంగతి.

తామార్ క్షారంలో కోడిగుడ్డు వేసి చూసింది. గుడ్డు సగం మునిగి సగం తేలితే పాకం కుదిరినట్టు. అది ఇంకా అడుగుకే పోతోంది.

"ఒకటి అడుగుతా హెప్సిబా," అంది దానికేసి చూస్తూనే. "కూడికలో ఎవరైనా మోకరించి ప్రార్థిస్తే అందరూ లేస్తారు కదా."

"లేస్తాం. మగవాళ్ళు టోపీలు తీస్తారు."

మా మగవాళ్ళు టోపీ ఎవరికీ తియ్యరు. రాజుకి తియ్యరు, జడ్జికి తియ్యరు. తియ్యనందుకు మా తాతలు ఇంగ్లండులో జైళ్ళలో మగ్గారు. కూడికలో కూడా టోపీలు తలమీదే ఉంటాయి. ఎవరైనా మోకాళ్ళూని దేవుడితో మాట్లాడినప్పుడు మాత్రమే దిగుతాయి.

"లేవకపోతే?"

"లేవకుండా, టోపీ తియ్యకుండా కూర్చుంటే, ఆ ప్రార్థన దేవుడిచ్చింది కాదు, వాడి సొంత కవిత్వం అని అందరి ముందూ చెప్పినట్టు. పిండిమిల్లు జేబెజ్‌కి అదే అయింది. వాన కోసం ప్రార్థిస్తూ, మిల్లు పక్క కాలవలో కాస్త ఎక్కువ కురిపించమన్నాడు. పెద్దాయన ఓబద్యా టోపీ తియ్యలేదు. జేబెజ్ సగంలో ఆపి లేచాడు. పదేళ్ళయింది, ఇప్పటికీ భోజనం ముందు కూడా మనసులోనే చెప్పుకుంటాడట."

తామార్ నవ్వలేదు. "ఎవరు మోకరించొచ్చు?"

"ప్రేరణ కలిగినవాళ్ళు ఎవరైనా."

"ముందు బల్లల వాళ్ళేనా?"

నేను తెడ్డు తిప్పడం ఆపాను. మా కూడిక గదిలో వెనకాల, మెట్ల కింద, ఒక బల్ల ఉంది. నల్లవాళ్ళు కూర్చునేది అక్కడే. మాలో హెచ్చుతగ్గులు లేవు కనుక ఆ బల్ల అక్కడ ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో మాలో ఎవరికీ గుర్తు లేదు.

"అలాగని ఎక్కడా రాయలేదు," అన్నాను.

"ఊఁ."

తెడ్డు మళ్ళీ తిప్పుతూ ఆలోచించాను. ఆమె ప్రార్థనకి ఎల్నాథన్ లేచాడంటే అది దేవుడి మాటేనని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. ఆలోచిస్తున్నకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. గొంతు తగ్గించి, "వచ్చే మొదటి రోజే మోకరించు," అన్నాను.

"ప్రేరణ రావాలిగా."

"వచ్చిందనుకో. ఎవరికి తెలుస్తుంది?"

తామార్ నావైపు తిరిగింది. ఆ చూపు మా అమ్మ చూసినట్టుంది. నాకంటే ఆమె రెండేళ్ళు చిన్నది.

"నువ్వు పుట్టుకతో ఈ సంఘంలో ఉన్నదానివి హెప్సిబా. ఈ మాట నువ్వా నాకు చెప్పేది?"

పొగ కళ్ళలో పడినట్టు నటించాను.

"పిల్ల పోతే నా ప్రాణం పోతుంది, అది నీకు చెప్పక్కర్లేదు," అంది. "అయినా దొంగ ప్రార్థన చెయ్యను. ఎల్నాథన్ లేస్తే నిజానికి లేవాలి. అబద్ధానికి లేచినవాడు మర్నాడు కూర్చుంటాడు. ఇంకోటి, నేను ఇన్నేళ్ళూ దేవుడి దగ్గర ఏదీ దొంగిలించలేదు. ఇక్కడ నాతో అబద్ధం ఆడనివాడు ఆయనొక్కడే. ఆయన్ని పోగొట్టుకోను." గుడ్డు కేసి చూసి, "తేలింది. కొవ్వు వెయ్యి," అంది.

వేశాను.

మొదటి రోజు వచ్చింది. రెండు గంటలు మౌనంగా కూర్చున్నాం. ఎవరూ నోరు విప్పలేదు. ఎవరిదో కడుపు మాత్రం రెండుసార్లు మాట్లాడింది. నేను దేవుడి కోసం కూర్చోవాల్సిన దాన్ని వెనక బల్ల చప్పుడు కోసం కూర్చున్నాను. పెద్దలు చేతులు కలుపుకుని కూడిక ముగించారు. మెట్ల దగ్గర తామార్ కనబడితే కళ్ళతో అడిగాను.

"రాలేదు," అంది.

"ఇంకొక్క వారమే ఉంది."

"నాకు తెలుసు."

"కాస్త తొందరగా..."

"ఆయనకి చెప్పు," అంది పైకి చూపిస్తూ. వెళ్ళి మేరబ్ పక్కన నడిచింది. ఆ వారం పెట్టె ఇంకో మూడుసార్లు ఖాళీ అయిందని విన్నాను.

రెండో మొదటి రోజున ఎండ బాగా కాసింది. కిటికీ అద్దం మీద ఈగ ఒకటి పాకుతోంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళం ఒక పక్క, అందరం ముఖాలు ముందుకి. పెద్దలు మాత్రం ఎదురు బల్ల మీద మా వైపు తిరిగి కూర్చుంటారు కనుక వెనకాల ఏం జరుగుతుందో వాళ్ళకే కనబడుతుంది. ఎల్నాథన్ మూడో వరసలో, అబిగేల్ నా ముందు. గంట గడిచింది. ఇంకో అరగంట గడిచింది. ఇంటికెళ్ళి అమోస్‌తో పోట్లాడైనా సరే ఏదో ఒకటి చెయ్యాలని నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను.

అప్పుడు వినబడింది. చెక్క నేల మీద రెండు మోకాళ్ళు ఆనిన చప్పుడు.

ఆ చప్పుడుకి మేమెలా లేస్తామో చెప్పాలి. నడక వచ్చిన నాటినుంచీ లేస్తున్నాం. మాటలు మొదలయ్యేదాకా ఆగం. చప్పుడు విన్న కాళ్ళు తమంతట తామే నిలబడతాయి, చెయ్యి తనంతట తానే టోపీ మీదికి పోతుంది. మొత్తం గది లేచింది. మగవాళ్ళ వైపు టోపీలన్నీ ఒక్కసారి దిగాయి. ఎల్నాథన్ టోపీ కూడా.

ఎదురు బల్ల మీద ఓబద్యా ఒక్కడే ఇంకా కూర్చుని ఉన్నాడు. ఎవరు మోకరించారో అతనికి కనబడుతోంది. ఎనభై ఏళ్ళవాడు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కర్ర ఊతగా మెల్లిగా లేచాడు. టోపీ తీశాడు. కిటికీలోంచి పడిన ఎండకి అతని బట్టతల మెరిసింది.

"ప్రభువా," అంది తామార్.

ఎల్నాథన్ వీపు బిగుసుకోవడం నేను చూశాను. పదిహేడేళ్ళుగా పొద్దున్నే అతన్ని భోజనానికి పిలిచే గొంతు అది.

"ప్రభువా, మేరబ్‌ని నాకు నువ్విచ్చావు. ఎల్నాథన్ ఇవ్వలేదు. నువ్విచ్చినదాన్ని అతను ఇంకొకరికి ఇస్తానంటున్నాడు. ఆ చెయ్యి ఆపు."

గదిలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అబిగేల్ మెడ వెనక ఎర్రబడింది. ఎల్నాథన్ చెయ్యి లేచింది. టోపీ నడుము దగ్గర్నించి గుండెల దాకా, గుండెల దగ్గర్నించి చెవుల దాకా వచ్చింది. తలమీద పెట్టుకుని కూర్చుంటే చాలు, ఇది దేవుడి మాట కాదని అందరికీ చెప్పినట్టే. ఆ తర్వాత తామార్‌కి ఈ గదిలో మళ్ళీ మోకరించే వీలుండదు. నేను నా ముందు బల్ల పట్టుకున్నాను.

"అతని మీద నాకు పగ ఉంది ప్రభువా," అంది తామార్. గొంతు పెంచలేదు. "అతను పెట్టిన తిండి తింటూ, అతని రొట్టె కాలుస్తూ, పగ పెట్టుకున్నాను. బరువుగా ఉంది. దాన్ని తీసెయ్. నేను అడిగింది ఇచ్చినా, ఇవ్వకపోయినా, దాన్ని తీసెయ్. ఇది నా వల్ల కావట్లేదు."

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు. మోకాళ్ళు లేచిన చప్పుడు, బల్ల కిర్రుమన్న చప్పుడు.

అందరం కూర్చున్నాం. టోపీలు తలల మీదికి వెళ్ళాయి. ఎల్నాథన్ ఒక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు. టోపీ చెవి పక్కనే ఉంది. కిటికీ దగ్గరి ఈగ అద్దం ఈ చివర్నించి ఆ చివరికి వెళ్ళింది. చివరికి పక్కవాడు అతని కోటు అంచు పట్టి లాగితే కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అతని బండి మా వాకిట్లో ఆగింది. నేను బఠానీలు ఒలుస్తున్నాను. ఎల్నాథన్ దిగాడు. వెనకనించి తామార్ కూడా దిగింది.

"వెంట తీసుకొచ్చావే," అన్నాను.

"తీసుకురాలేదు. నేను వచ్చేసరికి బండెక్కి కూర్చుంది."

లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తామార్‌కి కుర్చీ జరిపాను. ఆమె కూర్చుంది. మా ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళలో ఆ కుర్చీ జరపడం నాకు తోచలేదు.

"ఒక కాగితం రాసిపెట్టాలి అమోస్," అన్నాడు ఎల్నాథన్. "ఎల్నాథన్ ప్రిక్కెట్ అనే నేను నిన్నటి కూడికలో పొరపాటున..."

మా సంఘంలో తప్పు చేసినవాడు దాన్ని కాగితం మీద ఒప్పుకుని అందరి ముందూ చదివించాలి. తాగి పడిపోయినందుకు, పందిపిల్ల కోసం కొట్టుకున్నందుకు, బయటివాళ్ళని పెళ్ళాడినందుకు, అన్నిటికీ కాగితాలున్నాయి. లేచి నిలబడ్డందుకు ఇంతవరకూ లేదు.

అమోస్ కలం ముంచాడు. "పొరపాటున?"

"లేచానని."

"అయితే ఆ ప్రార్థన దేవుడిది కాదని రాయమంటావు."

"అలా అనట్లేదు. అలవాటు కొద్దీ లేచాను. ఎవరో చూసుకోలేదు."

"అలవాటు కొద్దీ లేచినవాడివి గొంతు విన్నాక కూర్చోవచ్చు. ఎందుకు కూర్చోలేదని కూడికలో అడుగుతారు. ఏం రాయను?"

కలం చివర సిరా బొట్టు వేలాడుతోంది. అమోస్ నెమ్మది మనిషి. ఆ నెమ్మది మీద నాకు పాతికేళ్ళుగా విసుగు. ఆ రోజు మాత్రం దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"కూర్చుందామనే అనుకున్నాను," అన్నాడు ఎల్నాథన్. "టోపీ ఇక్కడిదాకా తెచ్చాను."

"చూశాను," అన్నాను.

"నువ్వు చూడనిదేముంది." తామార్ వైపు తిరిగాడు. "పగ తీసెయ్యమని అడిగావు. నా మీద చెడ్డగా నాలుగు మాటలు చెప్పి ఉంటే కూర్చునేవాణ్ణి. నా నెత్తిన పిడుగు వెయ్యమన్నా కూర్చునేవాణ్ణి. పిల్ల దక్కకపోయినా పగ తీసెయ్యమన్నావు. సొంతంగా అల్లుకునేవాళ్ళు అది అడగరు."

"అడగరు," అంది తామార్.

"పోయిందా మరి, ఆ పగ?"

"లేదు. కాస్త వదులైంది."

ఎల్నాథన్ తల ఊపాడు. "అయితే అది పొరపాటు కాదు అమోస్," అన్నాడు.

అమోస్ ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకున్నాడు.

"అబిగేల్‌కి ఏం చెప్పను?" అన్నాడు ఎల్నాథన్, నన్ను చూసి.

"గిన్నెలు తోముకోమను. మేరీలాండ్‌లో నీళ్ళున్నాయని విన్నాను."

అతను నవ్వబోయి ఆగాడు. "రాయి. మేరబ్ మేరీలాండ్ వెళ్ళదు. ఇక్కడే, నా దగ్గరే ఉంటుంది..."

"వద్దు," అంది తామార్.

ముగ్గురం ఆమెని చూశాం.

"నీకు ఇంకో కూతురుంది ఎల్నాథన్. నాలుగేళ్ళలో దానికీ పెళ్ళి చేస్తావు. నేను అప్పుడు మళ్ళీ పెట్టెలోంచి బట్టలు తియ్యాలా? నీ దగ్గర ఉంటుందని కాదు. ఎవరిదీ కాదని రాయించు. ఈ రోజు నించి."

"చట్టం హామీదారుని అడుగుతుంది తామార్. విడుదలైన మనిషికి రేపు ఏదైనా అయితే..."

"ఆ హామీ నేనుంటాను," అన్నాడు అమోస్. ఆ మాట నాతో ముందు అనలేదు. అని ఉంటే నేను ఇంకా ముందే ఒప్పుకునేదాన్ని.

ఎల్నాథన్ కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. మా వాళ్ళు అలా కూర్చుంటే ఎవరం కదిలించం. తర్వాత, "రాయి," అన్నాడు.

రాశాడు. ఎల్నాథన్ సంతకం పెట్టాడు. అమోస్ ఇసక చల్లి ఆరబెట్టి, అతనికే ఇవ్వబోయాడు. తామార్ చెయ్యి చాపి తీసుకుంది. తనకి చదువు రాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి నాకు అందించింది.

"నువ్వు చదువు హెప్సిబా. రాసినవాడు చదివితే రాద్దామనుకున్నది చదువుతాడు."

అమోస్ నొచ్చుకున్నాడు. నేను చదివాను. ఇంకోసారి చదవమంది, చదివాను. 'తామార్ కూతురు మేరబ్' అన్న చోట ఆపమని, ఆ మాటలు ఎక్కడున్నాయో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. ఆమె కూడా అక్కడ వేలు పెట్టింది. తర్వాత కాగితం నాలుగు మడతలు చేసి రవిక లోపల పెట్టుకుంది.

ఎల్నాథన్ లేచి టోపీ సర్దుకున్నాడు. "పద. ఆవులు పాలకి అరుస్తుంటాయి."

తామార్ లేవలేదు.

"అమోస్, కాగితాలు ఇంకా ఉన్నాయా?"

అమోస్ నన్ను చూశాడు. ఎల్నాథన్ ఆమెని చూశాడు.

"ఉన్నాయి," అన్నాను నేను. అల్మారాలోంచి ఒకటి తీసి, సిరా బుడ్డి పక్కన సాపుగా పరిచాను. వాకిట్లో గుర్రం కాలు నేలకేసి కొట్టింది. తామార్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, నిన్నటిదాకా వెనక బల్ల మీద ఎలా కూర్చుందో అలాగే కూర్చుంది. తొందర లేదు, కదలిక లేదు.

ఎల్నాథన్ గుమ్మం దాకా వెళ్ళాడు. బయటికి చూశాడు. తిరిగొచ్చి, కుర్చీ లాక్కుని మళ్ళీ కూర్చున్నాడు.